బస్సు టికెట్టు, తాకే కార్డు, మన ప్రయాణ హక్కు

(గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల ముస్లిం కుటుంబాలు, కార్యకర్తలు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రిజర్వేషన్లు, వక్ఫ్ భూములు, ఉపకార వేతనాలు, ఓటరు జాబితాలు సాధారణంగా మన వేదికలపై చర్చకు వస్తుంటాయి. నేడు వాటి సరసన బస్సు టికెట్టును నిలబెట్టినందుకు కొందరికి ఆశ్చర్యం కలగవచ్చు. అయితే పాఠశాలకు, ఆసుపత్రికి, కోర్టుకు, కలెక్టరేట్‌కు చేరుకోలేని మనిషికి తక్కిన హక్కులన్నీ కాగితం మీదే మిగిలిపోతాయి. మన మూడు జిల్లాల్లో సామాన్యుడు చేరుకునే దారి ప్రధానంగా బస్సే. ఆ బస్సులో డబ్బు చెల్లించే పద్ధతి మన కళ్ల ముందే మారుతున్నది. ఈ మార్పు ఎవరిని ఎక్కించుకుంటుంది, ఎవరిని స్టేజీ దగ్గరే వదిలి వెళుతుంది అన్న ప్రశ్నను మీ ముందుంచడానికే ఈ నాలుగు మాటలు.

మన నేలపై బస్సు ప్రజల సొత్తుగా నడవడం కొత్త విషయం కాదు. 1932లో నిజాం రాష్ట్ర రైలు, రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ఈ సేవను ప్రారంభించింది. నేటి టీజీఎస్ ఆర్టీసీకి మూలం అదే. ఆనాడు గద్వాల, వనపర్తి నిజాం ఏలుబడిలోని సంస్థానాలు. 2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ పాత మహబూబ్‌నగర్ నుండి వేరై జిల్లాలయ్యాయి. జిల్లాలు పెరిగినా రైలు పట్టాలు పెరగలేదు. గద్వాలకు రైలున్నది. వనపర్తి రోడ్డు అనే పేరుతో స్టేషను ఉన్నా అది వనపర్తి పట్టణంలో లేదు, మదనాపురం దగ్గర ఉన్నది. నాగర్‌కర్నూల్ పట్టణానికి రైలే లేదు. అచ్చంపేట దాటి అమ్రాబాద్, మన్ననూరు వైపు నల్లమల గూడేలకు పోయే పేదవానికి ఆర్టీసీ బస్సు తప్పితే షేర్ ఆటో, జీపే గతి.

ఆ బస్సులో ప్రయాణించేవారిలో మనవారు ఎందరో ఉన్నారు. తెల్లవారుజామున కొల్లాపూర్ మామిడి బుట్టలతో బయలుదేరే పండ్ల వ్యాపారి, మెకానిక్ షాపులో పనికి వెళ్లే కుర్రవాడు, దర్జీ, గాజుల మలారంతో ఊరూరా తిరిగే అమ్మ, పరుపులు కుట్టే దూదేకుల సోదరుడు, అలంపూర్‌లోని షా అలీ పహిల్వాన్ దర్గాకు వెళ్లే కుటుంబం, తుంగభద్ర దాటి కర్నూలు పెద్దాసుపత్రికో, కృష్ణ దాటి రాయచూరుకో వెళ్లే రోగి - వీరందరికీ టికెట్టు సొమ్ము రోజువారీ లెక్కలో తప్పని ఖర్చు.

ఇంతకాలం ఆ టికెట్టును నోటుతో, నాణెంతో కొన్నాము. దానితో పాటు వచ్చే చిల్లర తంటా మనందరికీ తెలిసినదే. కండక్టరు మిగిలిన సొమ్మును టికెట్టు వెనుక రాసి ఇవ్వడం, దిగే హడావుడిలో దానిని మరచిపోవడం, పది రూపాయల నాణెం చెల్లదని పేచీ రావడం - ఇవన్నీ అనుభవించాము. పది రూపాయల నాణేల నమూనాలు 14 ఉన్నా అన్నీ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే స్పష్టం చేసినప్పటికీ ఆ తగవు పూర్తిగా తీరలేదు. అయిదు రూపాయల చిల్లర పోవడం ఉన్నవానికి లెక్క కాకపోవచ్చు. రోజూ రానూపోనూ ప్రయాణించే కూలీకి మాత్రం అది నెల తిరిగేసరికి ఒక పూట ఇంటి సరుకు.

ఇప్పుడు టికెట్టు యంత్రం తెర మీదే క్యూఆర్ కోడ్ కనిపిస్తున్నది. ఫోనుతో దానిని స్కాన్ చేసి చెల్లించే వీలు క్రమంగా మన బస్సుల్లోకి వస్తున్నది. దీని వెంట వస్తున్న రెండవ పద్ధతి తాకే కార్డు. 2017 నవంబరులో హైదరాబాద్ మెట్రో మొదలైనప్పటి నుండి నగరవాసులు దీనికి అలవాటుపడ్డారు. కార్డును యంత్రానికి కొద్ది సెంటీమీటర్ల దూరంలో ఉంచితే చాలు. లోపలి చిప్ రేడియో తరంగాల ద్వారా యంత్రంతో మాట్లాడి ప్రతి చెల్లింపుకూ ఒక కొత్త రహస్య సంకేతాన్ని పంపుతుంది. అటువంటి చిప్పే ఉన్న ఫోను, చేతి గడియారం కూడా ఇదే పని చేయగలవు.

దేశమంతటా ఒకే కార్డు చెల్లాలన్న ఉద్దేశంతో 2019 మార్చి 4న అహ్మదాబాద్‌లో నేషనల్ కామన్ మొబిలిటీ కార్డును ప్రారంభించారు. దీనినే ఎన్‌సీఎంసీ అంటారు. దీని ప్రత్యేకతను మనం బాగా గుర్తుపెట్టుకోవాలి. ఇందులో ప్రయాణానికి వేసుకున్న సొమ్ము కార్డు చిప్‌లోనే నమోదై ఉంటుంది. కాబట్టి చెల్లించే క్షణంలో యంత్రానికి నెట్‌వర్క్ అందకపోయినా టికెట్టు వస్తుంది. ఫోనుతో స్కాన్ చేసే పద్ధతికి సాధారణంగా సిగ్నల్ కావాలి. నల్లమల దారిలో, కృష్ణ ఒడ్డు పల్లెల్లో సిగ్నల్ ఎప్పుడు ఉంటుందో, ఎప్పుడు పోతుందో ప్రయాణికులందరికీ తెలుసు. డబ్బు ఖాతా నుండి పోయి టికెట్టు రాని స్థితిలో, కిక్కిరిసిన బస్సులో, కండక్టరు ముందు నిలబడిన మనిషి పడే అవమానం చిన్నది కాదు. నగరానికి సరిపోయిన పద్ధతి మన పల్లెవెలుగుకు సరిపోతుందని అనుకోరాదు. మన ప్రాంతానికి సిగ్నల్ అవసరం లేని కార్డే మేలు.

కనుక మేము కార్డుకు వ్యతిరేకులము కాము. చిల్లర పేచీ పోతుంది, కండక్టరుకు లెక్క సులువవుతుంది, రాత్రివేళ చేతిలో నోట్లు పట్టుకుని తిరగనవసరం ఉండదు. మా అభ్యంతరం ఒక్కటే. కార్డు బస్సుకు అదనపు ద్వారం కావాలి. నోటు పట్టుకుని ఎక్కే పాత ద్వారం మూతపడరాదు. ఆ కార్డును పొందడానికి బ్యాంకు ఖాతా, స్మార్ట్‌ఫోను, అక్షరం పొల్లుపోకుండా సరిపోలే పత్రాలు షరతులు కారాదు.

ఈ షరతులు మనకు ఎందుకు భారమవుతాయో చూద్దాం. 2005లో నియమితమై 2006 నవంబరులో నివేదిక సమర్పించిన జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ ముస్లింలకు బ్యాంకు సేవలు అందుతున్న తీరును కూడా పరిశీలించింది. ముస్లింలు ఎక్కువగా నివసించే కొన్ని బస్తీలను బ్యాంకులు ప్రతికూల ప్రాంతాలుగా గుర్తుపెట్టుకుని సేవలకు దూరంగా ఉంచిన సంగతిని ఆ నివేదిక నమోదు చేసింది. తరువాతి కాలంలో జన్‌ధన్ ఖాతాలు వచ్చాయి, పరిస్థితి కొంత మారింది. ఐనా ఖాతా ఉండడం వేరు, దానిని నడుపుకోగలగడం వేరు. ఇంటికంతటికీ ఒకే స్మార్ట్‌ఫోను, అదీ ఇంటి మగవాని జేబులో ఉన్నప్పుడు, ఆ ఇంటి ఆడపిల్లకు ఫోనుతో చెల్లించే సౌకర్యం ఏ మేరకు ఉన్నట్టు? బటన్ ఫోనులతో చెల్లించేందుకు 2022 మార్చిలో యూపీఐ 123పే వచ్చింది. దాని పేరైనా విన్న పెద్దవారు మన వాడల్లో ఎందరున్నారో ఎవరికి వారు లెక్కించుకోవచ్చు.

పేర్ల సంగతి మరీ ముఖ్యం. మన పేర్లు అరబీ, పారశీ నుండి ఉర్దూలోకి, ఉర్దూ నుండి తెలుగులోకి, ఆపై ఇంగ్లీషులోకి మారుతూ వస్తాయి. ఒకే షేక్ ఇంటిపేరును ఇంగ్లీషులో మూడు నాలుగు రకాలుగా రాస్తారు. పుట్టింట్లో బీ అయిన ఆమె రేషను కార్డులో బేగం అవుతుంది. ఆధార్‌లో ఒక విధంగా, బ్యాంకు పుస్తకంలో మరో విధంగా, బడి సర్టిఫికెట్‌లో ఇంకో విధంగా ఉన్న పేరు మన ఇళ్లలో కొత్త కాదు. ఖాతా నిర్ధారణ కోరే ప్రతి పథకం దగ్గరా ఈ తేడాయే అడ్డుగోడ అవుతున్నది. రేపు బస్సు కార్డుకు కూడా అదే నిర్ధారణ తప్పనిసరి చేస్తే, టికెట్టు కోసం ముందు మీసేవ చుట్టూ, ఆధార్ సెంటర్ చుట్టూ తిరగవలసి వస్తుంది. ఆ తిరగడానికీ బస్సే ఎక్కాలి!

మహాలక్ష్మి పథకం తరువాత మహిళలకు ప్రయాణం ఉచితమే కదా, వారికి ఈ చర్చతో పని ఏమిటి అని కొందరు అడగవచ్చు. వారికే ఎక్కువ పని ఉన్నదని మా అభిప్రాయం. 2023 డిసెంబరు 9న ప్రారంభమైన ఈ పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్ర పరిధిలో మహిళలకు జీరో టికెట్టు ఇస్తున్నారు. 2025 జూలై నాటికి ఈ ప్రయాణాల సంఖ్య 200 కోట్లకు చేరింది. మన ఆడపిల్లలు కళాశాలకు వెళ్లడానికి, తల్లులు పుట్టింటికి, ఆసుపత్రికి పోవడానికి ఇది ఎంత ఊరటనిచ్చిందో చెప్పనవసరం లేదు. ఆ మేలును మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నాము.

అదే పథకం మనకు మరో పాఠం కూడా నేర్పింది. టికెట్టుకు డబ్బు అడగకపోయినా కార్డు అడుగుతారు. అసలు గుర్తింపు కార్డు చూపాలి, జిరాక్సు గాని ఫోనులోని ఫొటో గాని చెల్లదు, ఫొటో స్పష్టంగా ఉండాలి, చిరునామా తెలంగాణదై ఉండాలి అని నిబంధనలు వచ్చాయి. ఉమ్మడి రాష్ట్ర కాలంలో తీసుకున్న ఆధార్‌లో ఆంధ్రప్రదేశ్ అని ఉన్నవారు దానిని మార్చుకోవలసి వచ్చింది. డబ్బు లేక ఆగిపోయే ప్రయాణం పోయి, కాగితం సరిగా లేక ఆగిపోయే ప్రయాణం వచ్చింది. గద్వాల, అలంపూర్ మహిళలకు మరొక చిక్కు ఉన్నది. జీరో టికెట్టు రాష్ట్ర సరిహద్దు వరకే. ఆపై కర్నూలుకు గాని, రాయచూరుకు గాని సొమ్ము చెల్లించాలి. కాబట్టి ఉచిత ప్రయాణం ఉన్నంత మాత్రాన మహిళకు చెల్లింపు పద్ధతితో సంబంధం తెగిపోలేదు.

బురఖా ధరించే మన తల్లులు, చెల్లెళ్ల విషయం కూడా ఇక్కడ మాట్లాడుకోవాలి. ఫొటోను ముఖంతో సరిచూడడం కండక్టరు విధిలో భాగం కావచ్చు. బస్సు నిండా జనం మధ్య ఆ పని గౌరవంగా జరగడం ఆమె హక్కు. ఆధార్‌కు బదులుగా మహిళలకు స్మార్ట్ కార్డు ఇచ్చే ఆలోచన ఉన్నదన్న మాట అధికార వర్గాల నుండి వినిపిస్తున్నది. అది సక్రమంగా అమలైతే మనకు మేలే. కార్డు జారీ చేసేటప్పుడు మహిళా సిబ్బంది ఎదుట ఒక్కసారి గుర్తింపు సరిచూసుకుంటే, ఆపై ప్రతిరోజూ బస్సులో తాకిస్తే సరిపోతుంది. అందుకు భిన్నంగా ప్రతి ప్రయాణంలోనూ ముఖాన్ని కెమెరాకు చూపించే పద్ధతి వస్తే పరదా పాటించే మహిళ మళ్లీ ఇంటికే పరిమితమయ్యే ప్రమాదం ఉన్నది. యంత్రం ఒకటే, నిబంధన రాసేవారు మనల్ని తలచుకున్నారా లేదా అన్నదే తేడా. నిబంధన రాయకముందే మన మాట వారికి చేరాలని మేము కోరేది అందుకే.

మరి బ్యాంకు నిర్ధారణ లేకుండా కార్డు ఇవ్వడం సాధ్యమేనా? సాధ్యమే. 2024 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ప్రజా రవాణా కోసం ప్రత్యేక ప్రీపెయిడ్ కార్డులకు అనుమతినిచ్చింది. వీటికి కేవైసీ అవసరం లేదు. గరిష్ఠంగా 3,000 రూపాయల వరకు వేసుకోవచ్చు, ఖర్చయిన కొద్దీ మళ్లీ నింపుకోవచ్చు. ఆ సొమ్మును నగదుగా తీసుకోవడం, మరొకరికి పంపడం మాత్రం కుదరదు. పేరు అక్కరలేదు, ఖాతా అక్కరలేదు, ఫోను అక్కరలేదు. గద్వాల బస్టాండులో నోటు ఇచ్చి కొనుక్కుని, వనపర్తి బస్టాండులో నోటు ఇచ్చి నింపుకునే కార్డు చట్టరీత్యా సాధ్యమన్న మాట. దీనికి ఒక పరిమితి కూడా ఉన్నది. పేరు లేని కార్డు పోగొట్టుకుంటే అందులోని సొమ్మును తిరిగి పొందడం కష్టం. అందువల్ల వారానికి సరిపడా మాత్రమే వేసుకోవడం వివేకం.

మన కుటుంబాల్లో తరచుగా వచ్చే మరో సందేహానికి ఇక్కడే సమాధానం చెప్పాలి. ఇటువంటి కార్డు వాడితే వడ్డీ వ్యవహారంలో పడినట్టు అవుతుందా అని కొందరు పెద్దలు అడుగుతున్నారు. ప్రీపెయిడ్ సాధనంలో ఉన్న సొమ్ముపై వడ్డీ చెల్లించరాదన్నది రిజర్వు బ్యాంకు నిబంధనే. మన సొమ్మే ముందుగా చెల్లించి, ప్రయాణించినప్పుడు వాడుకుంటాము. క్రెడిట్ కార్డు సంగతి వేరు. గడువులోగా కట్టకపోతే దానిపై వడ్డీ పడుతుంది. ఆ రెండింటినీ కలిపి చూడవద్దని మనవి. ధార్మిక విషయాలలో తుది మాట మీరు నమ్మే ఉలమాలదే.

ఇక గోప్యత. నోటుతో కొన్న టికెట్టు ఎవరు కొన్నారో చెప్పదు. కార్డు ప్రతిసారీ తేదీ, సమయం, ఎక్కిన చోటు నమోదు చేస్తుంది. ఆ కార్డు పేరుతోనో ఆధార్‌తోనో ముడిపడితే మనిషి రాకపోకల చిట్టా అంతా ఒకచోట పోగుపడుతుంది. ఏ జుమాకు ఏ ఊరు వెళ్లాడు, ఏ సభకు వెళ్లాడు, ఏ ఆసుపత్రికి వెళ్లాడు అన్నది ఇతరులకు తెలియాల్సిన అవసరం లేదు. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తీర్పు చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. మన సమాచారాన్ని ఎంతకాలం దాచుతారు, ఎవరికి ఇస్తారు అని ఆర్టీసీని సమాచార హక్కు చట్టం కింద అడిగే అధికారం ప్రతి పౌరునికీ ఉన్నది. ఈ ప్రశ్న మనకోసమే అడగడం లేదు, బస్సెక్కే ప్రతివారి కోసం అడుగుతున్నాము.

ఈ దారిలో మనకన్నా ముందు నడిచిన లండన్ అనుభవం కొంత ఉపయోగపడుతుంది. అక్కడ 2003లో ఆయిస్టర్ అనే తాకే కార్డు వచ్చింది. 2012 చివరలో బస్సుల్లో బ్యాంకు కార్డులు కూడా అంగీకరించారు. ఆ తరువాతనే, 2014 జూలై 6న బస్సుల్లో నగదు తీసుకోవడం మానివేశారు. అంటే పదేళ్లకు పైగా రెండు పద్ధతులూ పక్కపక్కనే నడిచాయి. మానివేసే నాటికి నగదుతో ప్రయాణించేవారు నూటికి ఒకరి స్థాయికి తగ్గారు. కార్డును గల్లీ దుకాణాల్లో నగదుతో నింపుకునే ఏర్పాటు విస్తారంగా ఉండేది. కార్డులో సొమ్ము చాలకపోయినా మరొక్క ప్రయాణానికి అనుమతించే వెసులుబాటును కూడా ముందే కల్పించారు. రాత్రివేళ ఎవరూ రోడ్డు మీద చిక్కుకోరాదన్నది దాని ఉద్దేశం. సంపన్న నగరమే అంత ఓపిక పట్టినప్పుడు, పొట్ట చేతబట్టుకుని వలసపోయే పాలమూరు బిడ్డల విషయంలో తొందరపడడం న్యాయం కాదు.

కనుక మూడు జిల్లాల తరఫున మా కోరికలు ఇవి. మొదటిది, ఏ బస్సులోనూ నగదును నిరాకరించరాదు. నోటు చట్టబద్ధమైన చెల్లింపు సాధనమని 1934 నాటి రిజర్వు బ్యాంకు చట్టం 26వ సెక్షన్ చెబుతున్నది. రెండవది, కేవైసీ లేని ప్రయాణ కార్డును గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట, కొల్లాపూర్ బస్టాండ్లలో నగదుకు అమ్మాలి. మన వాడల కిరాణా కొట్లు, పాన్ డబ్బాల్లోనూ నింపుకునే వీలు కల్పించాలి; దానితో కొందరికి నాలుగు పైసల ఆదాయం కూడా దక్కుతుంది. మూడవది, కార్డులో సొమ్ము చాలని ప్రయాణికుణ్ణి, ముఖ్యంగా మహిళను, వృద్ధుణ్ణి, విద్యార్థిని మధ్యదారిలో దించరాదు. నాలుగవది, మహిళల స్మార్ట్ కార్డుకు పేర్ల స్పెల్లింగ్ తేడా అడ్డంకి కారాదు. గుర్తింపు సరిచూడడానికి మహిళా సిబ్బందిని నియమించాలి. అయిదవది, కార్డుకు సంబంధించిన సూచనలన్నీ తెలుగుతో పాటు ఉర్దూలోనూ ఉండాలి. ఉర్దూ తెలంగాణ రెండవ అధికార భాష అన్న సంగతి బస్టాండు గోడ మీద కూడా కనిపించాలి.

ప్రభుత్వం చేయవలసినవి ఇవి. మనం చేసుకోవలసినవీ ఉన్నాయి. ఇంట్లో ప్రతివారి ఆధార్, బ్యాంకు పుస్తకాలు ఒకచోట పెట్టి పేర్లు సరిపోలుతున్నాయో లేదో చూడండి. అవసరం పడక ముందే దిద్దించండి. మీ బ్యాంకు కార్డుపై తాకే సౌకర్యం ఉంటే 5,000 రూపాయల వరకు పిన్ అడగకుండానే సొమ్ము పోగలదని తెలుసుకోండి. అక్కరలేకపోతే బ్యాంకుకు చెప్పి గాని, యాప్ ద్వారా గాని దానిని ఆపివేయవచ్చు. కార్డు పోయిన వెంటనే బ్యాంకుకు తెలియజేయండి. మోసం జరిగితే 1930 నంబరుకు ఫోను చేయండి, ఆలస్యం చేసిన కొద్దీ సొమ్ము దొరకడం కష్టం. చదువుకున్న యువకులు జుమా నమాజు తరువాత ఒక అరగంట కేటాయించి పెద్దలకు ఈ పద్ధతులు చూపించండి. వారి పిన్ మాత్రం మీరు అడగవద్దు. ఆడపిల్లలకు ఫోనుతో పాటు తమ ఖాతాను తాము నడుపుకునే స్వేచ్ఛ కూడా ఇవ్వండి. ఇంట్లో మనం మూసిన తలుపును ప్రభుత్వం తెరవలేదు.

కండక్టర్లతో, డ్రైవర్లతో మనకు తగవు లేదు. వారిలోనూ మనవారున్నారు, వారూ రోజంతా నిలబడి పనిచేసే శ్రామికులే. యంత్రం మొరాయించినప్పుడు ప్రయాణికుని కోపం ముందుగా పడేది వారి మీదే. ఏదైనా ఇబ్బంది కలిగితే బస్సు నంబరు, టికెట్టు, తేదీ రాసుకుని డిపో మేనేజరుకు రాతపూర్వకంగా ఇవ్వండి. దాని నకలు ఒకటి మా దగ్గరకూ పంపండి. పది కాగితాలు పోగైతే అది అనుభవాల చిట్టా అవుతుంది. ఆ చిట్టాతోనే మేము అధికారుల ముందు కూర్చోగలుగుతాము.

చేతిలో పది రూపాయల నాణెం ఉన్న ముసలమ్మ, ఫోను పట్టుకున్న విద్యార్థి ఒకే స్టేజీలో, ఒకే బస్సు, ఒకే మర్యాదతో ఎక్కగలగాలి. ఆ రోజు వచ్చేదాకా ఈ విషయాన్ని మన వేదికల మీది నుండి దింపకుండా చూసుకుందాం.